బజ్జీ పరీక్షకు నిలవని నీలం డబ్బా

"ఒకవేళ అంటుకుంటే?" అంది తిరపతమ్మ.

అప్పటికింకా ఏమీ అంటుకోలేదు. కొడుకు ఏడుకొండలు గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు, అంతే. మనిషి వీధి మలుపులో ఉండగానే అతని చొక్కాకున్న పెట్రోలు వాసన ముందుగా ఇంట్లోకి వచ్చి కూచుంది.

"ఏందమ్మా అంటుకునేది?"

"నువ్వేరా."

అప్పటికే ఆవిడ పొయ్యి ఆర్పేసింది. దేవుడి ముందు దీపం కొండెక్కించింది. పక్కింటాయన అరుగు మీద బీడీ ముట్టించబోతుంటే, "అన్నయ్యా, మావాడు నీళ్ళు పోసుకునేదాకా ఆగు" అని బతిమాలి వచ్చింది. ఆయనకు ఇది అలవాటే. నాలుగు నెలలుగా ఆయన బీడీకి వేళ ఏడుకొండలు స్నానం.

తిరపతమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. ఆ చదువంతా హెచ్చరికలు చదవడానికే ఖర్చుపెట్టింది. మందుసీసా మీద, గ్యాసుబండ మీద, బస్సు కిటికీ పక్కన, కరెంటు స్తంభానికి కట్టిన రేకు మీద ఏం రాసి ఉందో ఆవిడకు కంఠతా వచ్చు. పెనిమిటి లారీ మీద తిరిగే మనిషి, నెలకోసారి వస్తాడు. ఆయన కోసం దాచిన భయం కూడా మిగిలిన రోజుల్లో కొడుక్కే వడ్డించేది.

"మా అమ్మకి అగ్గిపెట్టె కనపడితే దాని పక్కనే ఫైరింజను కూడా కనపడాల" అని ఏడుకొండలు నవ్వేవాడు. నవ్వుతూనే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. వేళ్ళ సందులు తెల్లగా పగిలి, సున్నం కొరికినట్టుండేవి. పచ్చడి కలిపితే మంట. అందుకని చెంచాతో తినేవాడు. ఆ ఇంట్లో చెంచాతో అన్నం తిన్న మొదటి మనిషి అతనే.

అతని ఉద్యోగం జిల్లా ప్రభుత్వ వాహనాల షెడ్డులో. కాంట్రాక్టు మీద. అధికారుల కార్లు వస్తాయి. బానెట్ ఎత్తి, మగ్గులో పెట్రోలు పోసుకుని, బ్రష్షు ముంచి, ఇంజను మీద పేరుకున్న జిడ్డు రుద్దాలి. ఇంజను అప్పుడే వచ్చి ఆగిందైనా రుద్దాల్సిందే, అధికారికి మళ్ళీ వెళ్ళే పని ఉంటుంది.

మర్నాడు తిరపతమ్మ క్యారేజీ ఇచ్చే వంకతో షెడ్డుకు వెళ్ళి కాలేషా మేస్త్రిని పట్టుకుంది. ఆయన ముప్పై ఏళ్ళుగా అక్కడ ఇంజన్ల గుండెలు విని జబ్బు చెప్పే మనిషి.

"కాలేషా అన్నా, ఆ జిడ్డు పోవాలంటే పెట్రోలే కావాలా?"

"ఎవురు చెప్పారు? మూడు రకాలున్నయ్యి చెల్లెమ్మా. ఒకటి ఈ పెట్రోలు. జిడ్డూ పోద్ది, ఒక్కోసారి మనిషీ పోతాడు. రెండోది డ్రమ్ముల్లో అమ్మే ఆకుపచ్చ మందు. శానా చవక. కాకపోతే అల్యూమినియాన్ని తినుద్ది, తర్వాత మన చేతుల్ని తినుద్ది. మూడోది నీలం డబ్బా. ఒకటికి పది నీళ్ళు కలుపుకోవచ్చు. నిప్పంటుకోదు, ఘాటుండదు. ఇంజను చల్లారాక, వైర్ల మీద కవరు కట్టి, మందు కొట్టి, బ్రష్షుతో రుద్ది, నీళ్ళతో కడిగేయడమే. నీళ్ళు కలుపుతాం కాబట్టి పెట్రోలు కన్నా చవక పడుద్ది."

"మరి అది తేవొచ్చుగా?"

కాలేషా ఆవిడను జాలిగా చూశాడు. "పెట్రోలుకైతే పద్దుంది. కార్లున్న చోటికి పెట్రోలు రాకుండా ఉండదుగా. జిడ్డు మందుకి పద్దు లేదు. నేనడిగి ఎనిమిదేళ్ళయింది. పరిశీలనలో ఉంది."

తిరపతమ్మ ఊరుకునే మనిషి కాదు. ఆటోనగర్‌కు వెళ్ళి, దుకాణం వాడి చేత నీలం డబ్బాలోది చిన్న మూతలో పోయించి, "అగ్గిపుల్ల గీసి పెట్టు" అంది. వాడు పెట్టాడు. పుల్ల చుయ్యిమని ఆరిపోయింది. మూడుసార్లు పెట్టించింది. కాస్త సీసాలో కొని తెచ్చి, పదేళ్ళుగా ఎవరూ అడుగు చూడని ఇనప మూకుడు తోమింది. మూకుడు అడుగున కంపెనీ పేరు కనిపించింది. ఆ మూకుడికి ఒక కంపెనీ ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

సోమవారం అర్జీల రోజున ఆవిడ అర్జీ పెట్టింది. "నా ఉద్యోగం ఊడపీకుతావా ఏంది?" అన్నాడు ఏడుకొండలు. "ఉద్యోగం ఊడితే ఇంకోటొస్తది" అంది తల్లి. రెండో సగం నోటితో అనలేదు.

జిల్లా వాహన నిర్వహణాధికారి పుండరీకాక్షరావు గారు అర్జీ రెండుసార్లు చదివారు.

"అమ్మా, మీ విన్నపము ప్రభుత్వ దృష్టికి వచ్చినది. ప్రభుత్వ దృష్టికి వచ్చిన పిదప ఏ సమస్యయు మునుపటి వలె ఉండజాలదు."

అది నిజమేనని తర్వాత తేలింది.

వారం తిరక్కుండా 'సురక్షిత, చవక జిడ్డుమందు ఎంపిక సంఘం' ఏర్పడింది. పుండరీకాక్షరావు గారు అధ్యక్షులు. కాలేషా సాంకేతిక సభ్యుడు, అంటే అడిగితే తప్ప మాట్లాడకూడదు. తిరపతమ్మ బాధిత కుటుంబ సభ్యురాలు. సూపరింటెండెంటు దక్షిణామూర్తి గారు రాతపని.

దక్షిణామూర్తి గారి గురించి ఒక్క మాట చెప్పాలి. సమావేశంలో ఎవరు ఏమన్నా ఆయన మినిట్సు పుస్తకంలో రాస్తారు. రాసింది మర్నాడు ఉత్తర్వవుతుంది. ఉత్తర్వు ఎల్లుండికి అమలవుతుంది. ఒకప్పుడు పుండరీకాక్షరావు గారు సమావేశం మధ్యలో, "ఈ కుర్చీ యొకటి, కిర్రుమనుచున్నది, అవతల పారవేయవలెను" అన్నారు. మూడో రోజుకు కుర్చీ లేదు. కొత్త కుర్చీకి మంజూరు వచ్చేదాకా ఇరవై రెండు రోజులు ఆయన నిలబడే సంతకాలు చేశారు. పుస్తకంలో రాసింది కొట్టేయమని మాత్రం అడగలేదు. మినిట్సు కొట్టేసే అధికారం ఆ జిల్లాలో ఎవరికీ లేదు.

మొదటి సమావేశంలో అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు.

"ముందుగా నిర్వచనము. సురక్షితము అనగానేమి? మానవునకు హాని చేయనిది. ఒంటి మీద పడినను, కంట పడినను, కడుపులో పడినను హాని చేయనిది."

"కడుపులో ఎందుకు పడుద్దయ్యా?" అంది తిరపతమ్మ.

"పడదని మీరు రాసి ఇవ్వగలరా?"

ఆవిడకు షెడ్డులోని మగ్గు కళ్ళకు కట్టింది. ఒకవేళ పడితే? దాహమేసి, మగ్గు మంచినీళ్ళదే అనుకుని, ఎవరి బిడ్డో ఎత్తి పోసుకుంటే? ఆవిడ భయాన్ని సరైన చోట తాకడం అధికారి గారికి తెలుసు.

"ఇవ్వలేనయ్యా" అంది.

దక్షిణామూర్తి గారు రాశారు. సురక్షితము అనగా తినదగినది.

దుకాణం వాడు తెచ్చిన నీలం డబ్బా బల్ల మీదికి వచ్చింది. "హెచ్చరికలేమైనా ఉన్నవా?" అన్నారు అధ్యక్షులు. అక్షరాలు చీమకాళ్ళంత ఉన్నాయి. ఎవరికీ ఆనలేదు. హెచ్చరిక అన్న మాట వినపడగానే తిరపతమ్మ చెయ్యి దానంతటదే ముందుకు చాచుకుంది. నలభై ఏళ్ళ అలవాటు. డబ్బా తిప్పి, వేలు పెట్టి, బళ్ళో పాఠం చదివినట్టు గట్టిగా చదివేసింది.

"తాగరాదు. పిల్లలకు అందనీయరాదు."

చదివాక గాని ఏం చేసిందో తెలియలేదు. కాలేషా నుదురు కొట్టుకున్నాడు. నీలం డబ్బా తినదగినది కాదు గనుక తిరస్కరించబడినది.

"పోనీ అమ్మా," అన్నారు అధ్యక్షులు ఉదారంగా, "మీ గృహమునందు జిడ్డును దేనితో తొలగింతురు?"

"గిన్నెలకైతే కాస్త సెనగపిండి రుద్దుతామయ్యా. దానికీ దీనికీ..."

దక్షిణామూర్తి గారి కలం 'రుద్దుతామయ్యా' దగ్గర చుక్క పెట్టేసింది.

సెనగపిండి మంటలు రేపదు. చర్మం తినదు. ఏ పొట్లం మీదా తినరాదని రాసి లేదు. మూడు దుకాణాల నుంచి నమూనాలు వచ్చాయి. తినదగినదో కాదో తేల్చాలంటే తినాలి. పచ్చిపిండి తినడం అధికారుల హోదాకు తగదు. కాబట్టి క్యాంటీను వాడు నమూనాలను బజ్జీలుగా రూపాంతరం చెందించి, సమావేశానికి సమర్పించాడు.

"మొదటి నమూనా సురక్షితముగా నున్నది" అన్నారు అధ్యక్షులు, నాలిక చల్లార్చుకుంటూ. "రెండవ నమూనాలో వాము తక్కువైనట్లు సంఘము అభిప్రాయపడుచున్నది. పునఃపరీక్ష అవసరము."

పునఃపరీక్ష మర్నాడు జరిగింది. ఆ మర్నాడు కూడా జరిగింది. నెలకోసారి జరగాల్సిన సంఘం రోజూ సాయంత్రం నాలుగింటికి కూడసాగింది. నిప్పుతో సంబంధమున్న విషయం గనక అగ్నిమాపక శాఖ ఒక పరిశీలకుణ్ణి పంపింది. ఆయన మిరపకాయ బజ్జీ కొరికి, కళ్ళు తుడుచుకుని, మంట ఉందనీ అదుపులోనే ఉందనీ నివేదిక ఇచ్చాడు. ఉద్యానశాఖ వారు మిరపకాయలు తమ పరిధిలోకి వస్తాయని లేఖ రాసి సభ్యత్వం పుచ్చుకున్నారు.

అయిదో పరీక్ష నాడు తిరపతమ్మ లేచి నిలబడింది. "అయ్యా, ఇంతకీ ఇంజను జిడ్డు దీంతో పోద్దా?"

"అమ్మా, సంఘము పేరును పరికించుడి. సురక్షిత, చవక. రెండే గుణములు. జిడ్డు పోవుట అను మూడవ గుణమును చేర్చుటకు ప్రత్యేక ఉత్తర్వు కావలెను. అంతవరకు ఆ ప్రశ్న సంఘము పరిధిలోనికి రాదు."

"మరి అప్పటిదాకా మావాడు?"

"ఎంపిక పూర్తగు వరకు ప్రస్తుత పద్ధతియే కొనసాగును."

ప్రస్తుత పద్ధతి ఆ సాయంత్రం కూడా గుమ్మంలో చెప్పులు విడిచి, "మీటింగు ఎట్టా జరిగిందమ్మా?" అని అడిగింది.

"బాగానే ఉన్నయ్యిరా" అంది తిరపతమ్మ. తర్వాత తల దించుకుంది. ఆ రోజు తనూ రెండు తిన్నది.

సెనగపిండి ఎంపికైంది. ప్రారంభోత్సవానికి షెడ్డుకు మామిడాకులు కట్టారు. ఇత్తడి పళ్ళెంలో కలిపిన పిండి పెట్టారు. జిల్లా పెద్దాయన కారు అప్పుడే పాతిక మైళ్ళు తిరిగి వచ్చి ఆగింది. బానెట్ ఎత్తారు.

"చల్లారనియ్యండి సార్" అన్నాడు కాలేషా, అడక్కుండానే.

"శుభముహూర్తము చల్లారదు" అన్నారు పుండరీకాక్షరావు గారు. గుప్పెడు పిండి తీసి ఇంజను నెత్తిన పెట్టారు.

చుయ్యిమంది. పిండి బుడగలు పోసి, పొంగి, అంచులు ఎర్రబడ్డాయి. ఇంజన్ నూనె అక్కడ ముందుగానే ఉండనే ఉంది. చూడటానికొచ్చిన గుమాస్తాలలో ఎవరో ఉల్లిపాయలు తెచ్చారా అని అడిగారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నాలుగు రోజుల్లో జిడ్డు మీద పిండి గట్టిపడి, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని రాయి కట్టాయి. చీమలొచ్చాయి. చీమల వెనక ఎలుకలొచ్చాయి. ఎలుకలు పిండి తిని, నంజుకోవడానికి వైర్లు కొరికాయి. సగం కార్లు కదలడం మానేశాయి. దానికి దక్షిణామూర్తి గారు కొత్త సర్క్యులర్ టైపు చేయించారు. ఇంజను జిడ్డు తొలగించుటకు వాడిన సెనగపిండిని ప్రతి ఉదయము పూర్తిగా తొలగించవలెను. దేనితో? అందుకు కొత్త మందు ఏదీ ఎంపిక కాలేదు గనుక, ప్రస్తుత పద్ధతిలో.

అంటే పెట్రోలుతో. ఇదివరకు మగ్గు చాలేది. ఇప్పుడు బకెట్టు పడుతోంది.

"మీ సంఘం బాగుందమ్మా" అన్నాడు ఏడుకొండలు. "ముందు జిడ్డుకి రుద్దేవాణ్ణి. ఇప్పుడు బజ్జీకి రుద్దుతున్నా. నీ చెయ్యి పడితే ఏదైనా రెండింతలవుద్ది."

నవ్వులాటకే అన్నాడు. ఆవిడకు మాత్రం అన్నం దిగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఒక కారులో ఎలుక కొరికిన బ్యాటరీ తీగ ఇనుముకు తగిలింది. ఒక్క రవ్వ. బ్రష్షు భగ్గుమంది. కాలేషా పక్కనే ఉన్న తడిగోనె విసిరి కప్పకపోతే కథ ఇక్కడ వేరేగా ఉండేది. ఏడుకొండలు ఎడమ కనుబొమ పోయింది. మోచేతి దాకా వెంట్రుకలు కమిలాయి. అంతే.

ఇంటికొచ్చిన కొడుకు మొహాన్ని తిరపతమ్మ రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళుగా ఊహించినదాంట్లో వెయ్యో వంతు కూడా జరగలేదు. అయినా ఆవిడ నోట 'ఒకవేళ' అన్న మాట రాలేదు. ఆ మాట రాకపోయేసరికి ఏడుకొండలుకు మొదటిసారి భయమేసింది.

"అమ్మా, ఏదైనా అను" అన్నాడు.

"రేపు ఆటోనగర్ పోయి డబ్బా నేనే కొనుక్కొస్తా."

"గేటు లోపలికి బయటి సరుకు రానీయరమ్మా."

అయినా వెళ్ళింది. దుకాణం పక్కనే కార్లు కడిగే చోటు. అక్కడ తెల్లటి సొంత కారొకటి బానెట్ ఎత్తుకుని ఉంది. వైర్ల మీద ఓపిగ్గా కవర్లు కట్టి ఉన్నాయి. ఇంజను మీద తెల్లటి నురగ. పనివాడి చేతిలో నీలం డబ్బా. నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూచుని పుండరీకాక్షరావు గారు పేపరు చదువుకుంటున్నారు.

"ఇంజను బాగా చల్లారిందిగా? తొందరేం లేదు, నిదానంగానే చెయ్" అంటున్నారు పనివాడితో. గ్రాంథికం కూడా కాదు, మామూలు తెలుగే.

తిరపతమ్మ పలకరించలేదు. వచ్చిన దారినే వెనక్కి వచ్చేసింది. డబ్బా కూడా కొనలేదు. దారంతా ఆలోచించింది. తను సెనగపిండి అన్నదో లేదో, జిల్లా మొత్తం సెనగపిండయింది. ఇన్ని రోజులూ ఆ గదిలో తను బతిమాలింది, వాదించింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బతిమాలడం ఏదీ పుస్తకంలోకి ఎక్కలేదు. ఎక్కిందల్లా అడిగినదానికి చెప్పిన జవాబు.

సోమవారం విజయ సమీక్షా సమావేశం. బల్ల మీద పళ్ళాలు.

"సంఘము ఏర్పడిన నాటి నుండి సెనగపిండి వలన ఒక్క అగ్నిప్రమాదమైనను సంభవించలేదు" అన్నారు అధ్యక్షులు. "శుక్రవారము నాటి స్వల్ప ఘటన పెట్రోలు వలన జరిగినది. పెట్రోలు ఈ సంఘము పరిధిలోనికి రాదు. ఒక సిబ్బంది కనుబొమ..."

"ఎడమది సార్" అన్నాడు కాలేషా.

"...ఎడమ కనుబొమ తిరిగి మొలచునని వైద్యులు తెలిపిరి. ఇక సభ్యులు ఏమైనా అడగదలచినచో అడగవచ్చును."

తిరపతమ్మ లేచింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. అధ్యక్షుల వైపు కాదు, ముందుగా దక్షిణామూర్తి గారి వైపు తిరిగింది.

"అయ్యా, ఇది రాసుకోండి. నిదానంగా చెప్తా."

ఆయన పుట తిప్పారు.

"అధ్యక్షుల వారు సొంత కారు ఇంజను దేంతో కడిగిస్తారు? ఇదే నా ప్రశ్న. ఇంకేం లేదు."

చెప్పి కూచుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కావాలనే నోరు మూసుకుంది. ఆవిడ జీవితంలో ఒక ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న తగిలించకపోవడం అదే మొదలు.

దక్షిణామూర్తి గారు ప్రశ్న రాసి, దానికి వరస నెంబరు వేసి, కింద 'జవాబు' అని రాసి, రెండు చుక్కలు పెట్టి, కలం అక్కడే ఆనించి తల ఎత్తారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన జవాబు దగ్గర ఖాళీ వదిలింది లేదు. అవసరమైతే రేపటి దాకా కూచుంటారు.

పుండరీకాక్షరావు గారు నీళ్ళు తాగారు. ఫ్యాను వైపు చూశారు. అగ్నిమాపక పరిశీలకుడు సగం కొరికిన బజ్జీని చప్పుడు కాకుండా పళ్ళెంలో పెట్టేశాడు. ఉద్యానశాఖ ఆయన కిటికీలోంచి చెట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. షెడ్డులో ఎవరో ఇంజను రుద్దుతున్నారు. బ్రష్షు చప్పుడు గదిలోకి సన్నగా వినపడుతోంది. ఆ రుద్దే చేతులు ఎవరివో తిరపతమ్మకు తెలుసు. చప్పుడు ఆగినప్పుడల్లా ఆవిడ ఊపిరి ఆగుతోంది, మళ్ళీ మొదలైతే వదులుతోంది. అయినా పెదవి విప్పలేదు. బల్ల మీద బజ్జీల నూనె కాగితంలోకి ఇంకి, కాగితం నుంచి ఫైలులోకి దిగింది. ఎవరూ ఫైలు జరపలేదు. కలం చివర సిరా చుక్క ఒకటి ఊరి, లావై, రెండు చుక్కల పక్కన మూడోదిగా పడటానికి సిద్ధంగా ఉంది.

"నీలం డబ్బాతో," అన్నారు చివరికి పుండరీకాక్షరావు గారు, చాలా చిన్న గొంతుతో, మామూలు తెలుగులో. "కానీ అమ్మా, నేనెప్పుడూ తాగలేదు."